ఇన్‌హెచ్ఏ జన్యువు

ఇన్‌హెచ్ఏ అనేది క్షయ కారక మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్‌లో కొవ్వు ఆమ్లాల తయారీకి అవసరమైన జన్యువు. దీని సూచనల మేరకు తయారయ్యే ఎంజైమునూ అదే పేరుతో పిలుస్తారు. అందులో 269 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఈ ఎంజైము పనిచేయకపోతే బ్యాక్టీరియా బతకదు. 1952 నుంచి క్షయ రోగులకు ఇస్తున్న ఐసోనియాజిడ్ దెబ్బతీసేది దీన్నే. ఆ సంగతి తేలడానికి మాత్రం నలభై ఏళ్లకు పైగా పట్టింది.

క్షయ బ్యాక్టీరియా చుట్టూ మైకోలిక్ ఆమ్లాలతో కూడిన మైనం లాంటి గోడ ఉంటుంది. ఈ ఆమ్లాల్లో 60 నుంచి 90 దాకా కార్బన్ పరమాణువులు ఉంటాయి. గొలుసు రెండేసి కార్బన్ల చొప్పున పెరుగుతుంది. పెరిగిన ప్రతిసారీ మిగిలే ద్విబంధాన్ని తొలగించే ఆఖరి పని ఇన్‌హెచ్ఏది. మన శరీర కణాలకు మైకోలిక్ ఆమ్లాలతో పనే లేదు.

ఆ గోడ ప్రభావాన్ని తెమడ పరీక్షలో చూడవచ్చు.  గాజు పలకపై తెమడను పలుచగా పూసి, కార్బోల్ ఫుక్సిన్ అనే ఎర్రరంగు పోసి, కింద నుంచి ఆవిరి వచ్చేదాకా వేడి చేస్తారు. తర్వాత ఆమ్లంతో కడిగితే మిగతావన్నీ ఎర్రరంగు వదిలేస్తాయి, క్షయ బ్యాక్టీరియా వదలదు. మిథిలీన్ బ్లూ అద్దాక సూక్ష్మదర్శినిలో నీలం మధ్య సన్నని ఎర్రటి కడ్డీలు కనిపిస్తాయి. ఐసోనియాజిడ్ తగిలిన బ్యాక్టీరియా ఇలా రంగు పట్టి ఉంచుకునే గుణాన్ని కోల్పోతుందని ఆ మందు వచ్చిన తొలి రోజుల్లోనే గమనించారు. దాని ప్రభావం గోడ మీదనే అని చెప్పే తొలి ఆధారం అది.

ఐసోనియాజిడ్ లాంటి మందులు లేని కాలంలో క్షయకు చికిత్స అంటే గాలి, విశ్రాంతి, తిండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోనూ, నిజాం కాలంలో వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లోనూ శానటోరియాలు వెలిసింది అందుకే. మూసీ పుట్టే ఆ అడవి గాలి ఊపిరితిత్తులకు మంచిదని జనం గట్టిగా నమ్మేవారు.  ఆ గాలి ప్రాణానికి హాయినిచ్చి ఉంటుంది, కానీ బ్యాక్టీరియాను చంపలేదు.

చంపగల పదార్థం అప్పటికే ఉంది. ప్రాగ్‌లో హాన్స్ మేయర్, జోసెఫ్ మాలీ 1912లోనే ఐసోనియాజిడ్‌ను తయారుచేశారు. క్షయ మీద దాన్ని ఎవరూ పరీక్షించలేదు. ఆ నలభై ఏళ్ల ఆలస్యం ఖరీదు ఎన్ని ప్రాణాలో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 1952లో రోష్, స్క్విబ్, బేయర్ సంస్థలు విడివిడిగా దాని శక్తిని గుర్తించాయి. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో 193 మంది రోగులకు ఐసోనియాజిడ్, పాస్ మందులు ఏడాదిపాటు ఇచ్చారు; కొందరికి శానటోరియంలో, మిగతావారికి ఇంట్లోనే. ఫలితాలు దాదాపు సమానం. 1959లో అవి వెలువడ్డాక కొండల మీది పడకల అవసరం ప్రపంచమంతటా తగ్గుతూ వచ్చింది.

ఈ మందు మైకోలిక్ ఆమ్లాల తయారీని ఆపుతుందని 1970లో విండర్, కాలిన్స్ చూపారు. ఐసోనియాజిడ్ తనంతట తాను ఏమీ చేయలేదనీ, బ్యాక్టీరియాలోని క్యాట్‌జీ ఎంజైమే దాన్ని చురుకైన రూపానికి మారుస్తుందనీ తెలుసుకోవడానికి 1992లో వెలువడిన పరిశోధన దారి చూపింది. న్యూయార్క్‌లో విలియం జాకబ్స్ బృందం 1994లో ఇన్‌హెచ్ఏ జన్యువును గుర్తించింది. చురుకైన మందు ఎన్ఏడీ అణువుతో కలిసి ఎంజైము మధ్యలో ఇరుక్కున్న తీరును 1998లో స్ఫటిక నిర్మాణం బయటపెట్టింది. అదే ఏడాది కాస్ఏ అనే మరో ఎంజైమే అసలు లక్ష్యమన్న వాదనా వచ్చింది. 2006లో ఇన్‌హెచ్ఏలో 94వ అమైనో ఆమ్లాన్ని మాత్రమే మార్చి, ఆ ఒక్క మార్పుతోనే మందు పట్టు సడలుతుందని నిరూపించడంతో ఆ వివాదం తీరింది.

ఇప్పుడు పెద్దలకిచ్చే నాలుగు మందుల మాత్రలో 75 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్ ఉంటుంది. రోజుకు ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి మారుతుంది. ఇన్‌హెచ్ఏకు ముందున్న నియంత్రణ భాగంలో, మైనస్ 15వ స్థానంలో సి అనే డీఎన్ఏ అక్షరం బదులు టి వస్తే బ్యాక్టీరియా ఈ ఎంజైమును అతిగా తయారుచేసి మందును తట్టుకుంటుంది. ఇది సాధారణంగా తక్కువ స్థాయి నిరోధకత, మోతాదు పెంచితే కొందరిలో ఫలితం ఉండొచ్చు. కానీ ఇథియోనమైడ్ లక్ష్యం కూడా ఇదే ఎంజైము కాబట్టి ఆ మందూ పనికిరాకుండా పోతుంది. క్యాట్‌జీలో మార్పు వస్తే నిరోధకత చాలా ఎక్కువ. లైన్ ప్రోబ్ పరీక్షలో పట్టీ మీది గీతలను చూసి ఈ రెంటినీ వేరుచేస్తారు. మామూలు సీబీనాట్ జన్యు పరీక్ష ప్రధానంగా రిఫాంపిసిన్ అనే మరో క్షయ మందు పట్ల నిరోధకతనే చూస్తుంది. అందులో నిరోధకత లేదని వచ్చినంత మాత్రాన ఐసోనియాజిడ్ పనిచేస్తుందని ధీమాగా ఉండటం ప్రమాదం.

బ్యాక్టీరియా కూడా ఈ ఎంజైమును అదుపులో పెట్టుకుంటుంది. 266వ స్థానంలోని థ్రియోనిన్‌కు ఫాస్ఫేట్ చేరితే ఇన్‌హెచ్ఏ వేగం తగ్గుతుందని 2010లో తేలింది. ఆ పరిశోధకుల్లో ఒకరైన వినయ్ కుమార్ నందికూరి 2021లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి డైరెక్టరయ్యారు. క్యాట్‌జీ తోడు అక్కర్లేకుండా నేరుగా ఇన్‌హెచ్ఏను అడ్డుకునే అణువుల కోసం పరిశోధనలు సాగుతున్నాయి.