కోడిగూడు – ఎలుక కన్నం



ధనుర్మాసం వచ్చిందంటే పెరటి కోళ్లకు రెండు గండాలు జంటగా వస్తాయి. ఒకటి చలి, రెండోది ఎలుక. ఈ రెండూ ఒకే వేళకు ఎందుకు వస్తాయో తెలియాలంటే కొంచెం వెనకటి చరిత్ర చూడాలి.

కోడి మొదట అడవిపక్షి. పగలంతా నేల గీరి మేసి, పొద్దుగూకగానే చెట్టుకొమ్మ ఎక్కేది. చీకట్లో దానికి చూపు ఆనదు గనుక ఎత్తే దానికి రక్ష. అటువంటిది మనిషి పంచకు ఎందుకు దిగింది? గింజ కోసం. 2022లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం, పెంపుడు కోడివని గట్టిగా చెప్పదగ్గ ఎముకల్లో అన్నిటికన్న పాతవి థాయిలాండులోని బాన్ నాన్ వాట్‌లో దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 1650–1250. వరి, చిరుధాన్యాల సేద్యమే అడవికోడిని ఊరి దాపుకు రప్పించిందని ఆ పండితుల అభిప్రాయం. మరి ఎలుకను రప్పించిందీ ఆ గింజే కదా! కోడీ, ఎలుకా ఒకే గాదెకు చుట్టాలన్నమాట.

మన పెద్దలకు ఈ సంగతి అనుభవంలో తెలుసు. సందెవేళ ఇల్లాలు కోళ్లను పిలిచి, లెక్క చూసుకుని, వెదురుగంప కింద మూసి పైన రాయి పెట్టేది. గంపలో రాత్రి గింజ ఉండదు. చోటు మార్చుకోవచ్చు గనుక అడుగున కన్నం స్థిరపడదు. లోపమల్లా ఒక్కటే: పందికొక్కు నేల తవ్వి పిల్లల్ని ఈడ్చుకుపోయేది.

1950, 60 దశకాలలో వైట్ లెగ్‌హార్న్, రోడ్ ఐలాండ్ రెడ్ వంటి సీమజాతులతోబాటు షెడ్లూ, ఊకపరుపు పద్ధతీ మన పల్లెల్లోకి రాసాగాయి. పొడిగా ఉన్న ఊక చలికి మంచిదే. కాని దాణాతొట్టి రాత్రంతా నిండుగా ఉంటే వెచ్చదనమూ, తిండీ రెండూ ఎలుకకే అమర్చిపెట్టినట్టు!

ఇక చలికాలం సంగతి. కార్తీక, మార్గశిరాల్లో సార్వా వరి కోస్తాం. చేలు బోడి అవుతాయి. గట్లమీది ఎలుకలు కుప్పల్లోకి, వాముల్లోకి, అక్కణ్ణించి పెరట్లోకి చేరతాయి. నెల్లూరు సీమలో యానాదులు కుండలో గడ్డి రాజేసి కన్నంలోకి పొగ ఊది వాటిని పట్టేవారు. ఎలుక పెరడు చేరకముందే, గట్టుమీదనే పట్టడం అందులోని తెలివి.

కోడి చస్తే మనం కొక్కెర తెగులు అనుకుంటాం. ఆ తెగులును మన దేశంలో 1927లో రాణిఖేత్‌లో గుర్తించారు. దానికి టీకా ఉంది, తప్పక వేయించండి. ఎలుకకు మాత్రం టీకా లేదు. గూడు కట్టే తీరే దానికి మందు.

కాబట్టి ఈ పనులు చెయ్యండి. గూటిని నేలకు మూడడుగుల ఎత్తున నిలపండి. కాళ్లకు నున్నని రేకు చుట్టండి. కోళ్లు ఎక్కాక నిచ్చెన తీసెయ్యండి. సందులకు అరంగుళం కన్న సన్నకన్ను ఇనుపవల కొట్టండి. చలిగాలి కొట్టే వైపు గోనెపట్టా కట్టండి, కాని పైభాగం తెరిచి ఉంచండి. అంతా మూసేస్తే రెట్ట ఘాటుకు కోళ్లు రొంపపడతాయి. తడిసిన ఊక వెంటనే తీసెయ్యండి. కొత్తగా తెచ్చిన పిల్లలకు మొదటివారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కావాలి; తరువాత వారానికి 5 డిగ్రీలు తగ్గించండి.

అన్నిటికన్న ముఖ్యం, రాత్రి దాణా ఉంచవద్దు. ఒక ఎలుక రోజుకు 15, 20 గ్రాములు తింటుంది. మిగిలిన దాణాను మూతగల రేకుడబ్బాలో పొయ్యండి. వామును గూటికి దూరంగా వెయ్యండి.

జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎరను పెరట్లో పెట్టకండి. గింజ కనిపిస్తే కోడి ఏరుకోక మానదు. ఎలుకమీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టవుతుంది. బోను పెట్టడమే మేలు.

పెరటి కోడి డబ్బు చాలా ఇళ్లల్లో ఆడవారి చేతి డబ్బు. సంక్రాంతి నాటికి ఆ నాలుగు కోళ్లూ నిలవాలంటే, వెనకటి ఇల్లాలి మాదిరి సందెవేళ లెక్క చూసుకోండి. కొత్త గూడు కట్టండి, పాత అలవాటు మాత్రం వదలకండి.