కంప్యూటర్‌తోపాటే వచ్చిన కాపలా

వ్యక్తిగత కంప్యూటర్ల తొలి రోజుల్లో వాటిలో దాచిన సమాచారానికి ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి దాదాపు ఏ రక్షణా ఉండేది కాదు. డ్రైవులో ఫ్లాపీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే, ఆ ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో ఏముంటే అదే ముందుగా నడిచేది. ఐబీఎం పీసీల్లో వ్యాపించిన తొలి వైరస్ ‘బ్రెయిన్’ 1986లో ఈ దారినే వచ్చింది. లాహోర్‌కు చెందిన ఇద్దరు సోదరులు దాన్ని రాశారు. వారి పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లు సైతం ఆ కోడ్‌లోనే ఉండేవి.

వైరస్‌లు పెరిగేకొద్దీ యాంటీవైరస్ విడిగా కొనుక్కునే సరుకైంది. 1993లో మైక్రోసాఫ్ట్ ఎంఎస్-డాస్ 6తోపాటే ఒక యాంటీవైరస్‌ను అందించింది. సెంట్రల్ పాయింట్ సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి తీసుకున్న ప్రోగ్రామ్ అది. తెలిసిన ఆనవాళ్లను బట్టి వైరస్‌ను పట్టే ఇలాంటి ప్రోగ్రామ్‌కు కొత్త ఆనవాళ్లు ఎప్పటికప్పుడు అందాలి. ఇంటర్నెట్ ఇళ్లకు చేరని ఆ కాలంలో అది కష్టం. విండోస్ 95 వచ్చేసరికి ఆ యాంటీవైరస్ లేదు.

2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో, నెట్ నుంచి వచ్చే అక్కర్లేని కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్ ఉన్నా, దాన్ని ఎవరికి వారు ఆన్ చేసుకోవాలి. అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. కొత్త హంగులకన్నా భద్రతే ముఖ్యమని 2002 జనవరిలో బిల్ గేట్స్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగులకు లేఖ రాశారు. అయినా మరుసటి ఏడాది ఆగస్టులో ‘బ్లాస్టర్’ వార్మ్ విరుచుకుపడింది. అది సోకడానికి ఏ ఫైలూ తెరవనక్కర్లేదు, కంప్యూటర్‌కు నెట్ ఉంటే చాలు. తెరపై ఒక పెట్టె ప్రత్యక్షమై 60 సెకన్ల నుంచి వెనక్కి లెక్కపెట్టేది. సున్నాకు రాగానే కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యేది. అది వాడుకున్న విండోస్ లోపాన్ని పూడ్చే ప్యాచ్ జులైలోనే వచ్చినా చాలామంది వేసుకోలేదు.

ఈ దెబ్బ తరువాత 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లో ఫైర్‌వాల్ దానంతట అదే ఆన్‌లో ఉండేలా మార్చారు. రక్షణలో లోటుంటే సెక్యూరిటీ సెంటర్ ఎర్ర డాలు గుర్తుతో హెచ్చరించేది. అదే ఏడాది చివర్లో మైక్రోసాఫ్ట్ జెయింట్ అనే సంస్థను కొని, దాని స్పైవేర్ నిరోధక ప్రోగ్రామ్‌ను 2006లో ‘విండోస్ డిఫెండర్’గా తెచ్చింది. పూర్తి యాంటీవైరస్‌ను మాత్రం మొదట వన్‌కేర్ పేరుతో చందాకు అమ్మింది. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ పేరుతో ఉచితంగా ఇచ్చింది. 2012లో విండోస్ 8 రావడంతో డిఫెండరే పూర్తి యాంటీవైరస్ అయింది. వేరే యాంటీవైరస్ వేసుకుంటే డిఫెండర్ తప్పుకుంటుంది.

కంప్యూటరే దొంగల పాలైతే యాంటీవైరస్ చేయగలిగిందేమీ లేదు. అందుకని విండోస్ 8కు ముందే, విండోస్ విస్టాలోని కొన్ని ఎడిషన్లలో బిట్‌లాకర్ వచ్చింది. అది డిస్కు మొత్తాన్ని సంకేత రూపంలోకి మార్చేస్తుంది. తాళంచెవి లేనిదే ఫైళ్లు చదవడం కుదరదు.

2017 మే నెలలో ‘వానాక్రై’ అనే వార్మ్ ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లలో సొమ్ము అడిగింది. బ్రిటన్ ఆసుపత్రుల నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్ల దాకా దాని బారిన పడ్డాయి. అప్పుడూ ప్యాచ్ రెండు నెలల ముందే సిద్ధంగా ఉంది. ఆ ఏడాదే విండోస్ 10లో, అనుమతి లేని ప్రోగ్రామ్‌లు ముఖ్యమైన ఫోల్డర్లను మార్చకుండా అడ్డుకునే సదుపాయం చేరింది. మామూలు ప్రోగ్రామ్‌లనూ అది ఒక్కోసారి ఆపేస్తుంది కాబట్టి ఇళ్లలోని కంప్యూటర్లలో దాన్ని ఆన్‌లో పెట్టి ఇవ్వడం లేదు.

కంప్యూటర్‌తో వచ్చే రక్షణ ఆన్‌లో ఉండి, అప్‌డేట్లు అందుతుంటేనే పనికొస్తుందని ఈ చరిత్ర చెబుతోంది. ఒకసారి తాళం పడిన ఫైళ్లను మాత్రం అది తిరిగి ఇవ్వలేదు. ముఖ్యమైన వాటి నకలును కంప్యూటర్ నుంచి విడదీసిన మరో డిస్కులో ఉంచుకోవడం వాడేవారి బాధ్యతే.