పెరటి దాకా వచ్చిన భయం

జంతువులు మనిషి మీద తిరగబడే భయానక కథలను ఇంత ఇష్టంగా ఎందుకు చదువుతామని అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఒకటుంది: పులికీ పాముకీ వణికిపోయిన ఆదిమానవుడు ఇంకా మనలో బతికే ఉన్నాడని. ఇది సగం నిజమే. అదొక్కటే కారణమైతే ఈ కథల నిండా పులులూ తోడేళ్లే ఉండాలి. ఇంగ్లీషు సాహిత్యంలో ఈ కోవలో పేరు నిలబెట్టుకున్న రచనల్లో కనిపించేవి చీమలు, పిట్టలు, ఎలుకలు, పెంపుడు కుక్క. మనిషి ఏనాడూ లెక్కచేయనివి కొన్ని, తనవే అనుకున్నవి కొన్ని. అంటే ఇక్కడ పని చేసేది పెత్తనం చేజారుతున్న యజమాని భయం. 20వ శతాబ్దంలో అది పరాయి దేశపు అడవి నుంచి ఇంటి పెరటి దాకా నడిచి వచ్చింది.

మొదటి మజిలీ అమెజాన్. హెచ్.జి. వెల్స్ 1905లో ‘ది ఎంపైర్ ఆఫ్ ది యాంట్స్’ రాసేనాటికి బ్రిటిష్ సామ్రాజ్యం ఉచ్చస్థితిలో ఉంది. ఆ కథలో విషమున్న చీమలు సైన్యంలా కదిలి ఊళ్లను ఖాళీ చేయిస్తాయి. వాటిని అణచడానికి వెళ్లిన బ్రెజిల్ యుద్ధనౌక ఏం చేయాలో తోచక ఫిరంగి పేల్చి వెనుదిరుగుతుంది. 1950, 60 నాటికి అవి ఐరోపాను ‘కనుక్కుంటాయని’ కథకుడు అంచనా వేస్తాడు. తెల్లవాళ్లు ఖండాలకు చేసినదే తమకూ జరగవచ్చన్న శంక ఆ లెక్కలో ఉంది. 1917లో ఆర్థర్ మాకెన్ ‘ది టెర్రర్’తో ఆ భయం వేల్స్ పల్లెలకు చేరింది. అంతుపట్టని చావులకు జనం జర్మన్లను అనుమానిస్తే, తీరా అది పశుపక్ష్యాదుల తిరుగుబాటని తేలుతుంది. యుద్ధంలో మునిగిన మనిషి తన ఆత్మిక ఔన్నత్యాన్ని వదులుకున్నాడు గనుకే అవి ఎదురుతిరిగాయని కథకుడి వివరణ.

కారణం చెప్పడం పాత సంప్రదాయం. మన భారతంలో ఖాండవ దహనంలో తల్లిని పోగొట్టుకున్న అశ్వసేనుడు కర్ణుడి బాణంలో చేరి అర్జునుడి మీదికి వస్తాడు. ఆ పాముకు ఒక పగ ఉంది, ఆ పగకు న్యాయముంది. 1952లో డాఫ్నీ డు మోరియే ‘ది బర్డ్స్’లో ఈ తీగనే తెంపేసింది. కార్న్‌వాల్ తీరంలో నాట్ హాకెన్ అనే వ్యవసాయ కూలీ, యుద్ధంలో గాయపడ్డవాడు, పక్షులు లోపలికి రాకుండా ఇంటి కిటికీలకు చెక్కలు కొడుతుంటాడు. వైమానిక దాడుల రోజులు గుర్తొస్తాయి. రేడియో మూగబోతుంది. ఎందుకన్నది చివరి దాకా తెలియదు. 1963 నాటి సినిమాలో హిచ్‌కాక్ కథను కాలిఫోర్నియాలోని బొడేగా బేకు మార్చినా ఆ మౌనాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఇవన్నీ ప్రకృతి ప్రతీకార కథలనీ, మన తప్పులకు శిక్ష పడుతుంటే చూసే తృప్తే వీటి ఆకర్షణ అనీ కొందరంటారు. 1962లో పురుగుమందుల ముప్పు గురించి రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ వచ్చాక ఆ దారిన కథలు, సినిమాలు చాలా వచ్చిన మాట వాస్తవం. కానీ శిక్షకు కారణం తెలిస్తే ప్రాయశ్చిత్తమూ తెలుస్తుంది. అక్కడితో భయం చల్లారుతుంది. 1974లో వచ్చిన జేమ్స్ హెర్బర్ట్ ‘ది ర్యాట్స్’ను గుర్తుండేలా చేసింది ఎలుకల పుట్టుక గురించిన వివరణ కాదు, ఎవరికీ పట్టని తూర్పు లండన్ పేదవాడలు. 1981 నాటి స్టీఫెన్ కింగ్ ‘కూజో’లో కుక్కకు పట్టింది రేబీస్, దాన్ని తిరుగుబాటు అనలేం కదా అనవచ్చు. నిజమే, దానికి కక్ష లేదు. ఇంకా మంచి కుక్కగానే ఉండాలని దాని ఆరాటం. కారులో చిక్కుకున్న తల్లీకొడుకులకు బతిమాలడానికైనా ఎదురుగా ఒక శత్రువంటూ లేడు. డు మోరియే మొదలుపెట్టిన మౌనం ఇక్కడ ఇంటి కుక్క దాకా వచ్చింది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది: ఈ కథలు మూగజీవాలకు చెడ్డపేరు తెస్తాయి. ‘జాస్’ (1974) రాసిన పీటర్ బెంచ్లీయే తర్వాత సొరచేపల గురించి బాగా తెలుసుకుని, అలాంటి నవల మళ్లీ రాయలేనన్నాడు. సముద్రజీవుల రక్షణ కోసం ఏళ్ల తరబడి పనిచేశాడు. ఈ విమర్శను ఒప్పుకోవాల్సిందే. అయితే అది తగిలేది జంతువుకు మనిషి దుర్బుద్ధిని అంటగట్టిన కథలకు. నిజానికి ‘జాస్’లో కూడా పర్యాటకుల సొమ్ము పోతుందని బీచ్ మూయనివ్వని మేయర్ వల్లే ప్రాణాలు పోతాయి. జంతువు పగబట్టిందని చెప్పే కథ మనల్ని కాసేపు ఉలిక్కిపడేలా చేస్తుంది. దానికి మనం ఏమీ కామని చెప్పే కథ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఈ కోవలో ఒక్కటే చదవాలనుకునేవారు హిచ్‌కాక్ సినిమా కంటే ముందు డు మోరియే కథ చదవడం మంచిది.