ఆరోగ్యశ్రీ చరిత్రలో రోగి సొంత ఖర్చు (2007–2023)

వ్యాస సంగ్రహం:
పేద కుటుంబాలకు పెద్ద జబ్బుల చికిత్సను నగదు రహితంగా అందించేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమైంది. ఆసుపత్రి బిల్లును ప్రభుత్వమే భరించినా, ఆసుపత్రిలో చేరడానికి ముందూ, ఇంటికి చేరిన తరువాతా రోగి తన చేతి నుంచి పెట్టుకోవలసిన ఖర్చు మిగిలే ఉంది. ఆ ఖర్చును ప్రభుత్వాలు ఏ దశలో, ఏ మేరకు గుర్తించాయో పరిశీలించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలక పదాలు: ఆరోగ్యశ్రీ, ఆరోగ్య బీమా, సొంత ఖర్చు, తెల్ల రేషన్ కార్డు, ఆరోగ్య ఆసరా, డయాలిసిస్ పింఛను.

1. ఉపోద్ఘాతం:
బీమా గాని, ప్రభుత్వం గాని చెల్లించని వైద్య వ్యయాన్ని రోగి కుటుంబం నేరుగా భరిస్తే దానిని సొంత ఖర్చు అంటారు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో ఇటువంటి ఖర్చు 2013–14లో 64.2 శాతం. 2021–22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. అయితే ఈ లెక్కలోకి రాని భారం మరొకటి ఉంది. రోగికి తోడుగా వచ్చినవారి తిండి, బస, వారిద్దరూ పోగొట్టుకొన్న కూలి ఏ వైద్య బిల్లులోనూ కనిపించవు. పేద ఇంటిని అప్పులలోకి దింపడంలో శస్త్రచికిత్సకు ఎంత పాత్ర ఉందో, దాని చుట్టూ పేరుకొనే ఈ ఖర్చులకూ అంత పాత్ర ఉంది. ఆరోగ్యశ్రీ చరిత్రను ఈ కోణం నుంచి చదివితే ఆ పథకం సాధించినదీ, దాని హద్దూ రెండూ స్పష్టమవుతాయి.

2. ఆరోగ్యశ్రీకి పూర్వం:
1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం కర్మాగారాల కార్మికులకు వైద్య రక్షణ కల్పించింది. ప్రభుత్వోద్యోగులకు వైద్య ఖర్చులను తిరిగి చెల్లించే ఏర్పాటు ఉండేది. వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి, చిన్న రైతులకు అటువంటి ఆసరా లేదు. ప్రభుత్వాసుపత్రిలో చేయలేని గుండె శస్త్రచికిత్స, క్యాన్సర్ చికిత్స అవసరమైతే వారికి మిగిలిన దారి ముఖ్యమంత్రి సహాయ నిధి. 2004 మే నుంచి 2007 జూన్ వరకు ఈ నిధి నుంచి 55 వేలకు పైగా రోగులకు సుమారు రూ. 168 కోట్లు మంజూరయ్యాయి. దరఖాస్తు, అంచనా పత్రం, ప్రజాప్రతినిధి సిఫారసు, సచివాలయం చుట్టూ తిరుగుడు ఈ మార్గంలో తప్పనివి. సాయం అక్కడ దయగా అందేదే గాని హక్కుగా కాదు. సచివాలయం దాకా చేరగలిగినవారికే అది దక్కేది. ఈ అనుభవమే బీమా ఆలోచనకు దారితీసింది.

3. పథక నిర్మాణం:
వృత్తిరీత్యా వైద్యుడైన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రయోగాత్మకంగా ఈ పథకాన్ని ప్రారంభించింది. 2008 జూలై నాటికి అది రాష్ట్రమంతటా విస్తరించింది. తెల్ల రేషన్ కార్డు గల కుటుంబానికి ఏడాదికి రూ. 1.5 లక్షలు, అవసరమైతే అదనంగా మరో రూ. 50 వేల వరకు చికిత్స లభించేది. ప్రీమియాన్ని ప్రభుత్వమే చెల్లించింది. తొలి దశలో బీమా సంస్థ ద్వారా నడిచిన పథకంలో 2008 నుంచి ఆరోగ్యశ్రీ ట్రస్టు నేరుగా చెల్లించే భాగం కూడా చేరింది. చికిత్సల జాబితా 938కి పెరిగింది.

రోగి సొంత ఖర్చును పథక రూపకర్తలు పూర్తిగా విస్మరించలేదు. ఆసుపత్రికి చెల్లించే ప్యాకేజీలోనే పరీక్షలు, మందులు, భోజనం, తిరుగు ప్రయాణ ఛార్జీలు, ఇంటికి వెళ్లిన తరువాత పది రోజుల మందులు చేర్చారు. దీర్ఘకాలం మందులు వాడవలసిన 125 చికిత్సలకు ఏడాది పాటు అనుబంధ వైద్యం ఏర్పాటు చేశారు. కాగితాల పనిలో రోగికి దారి చూపడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనూ, ఆసుపత్రులలోనూ ఆరోగ్యమిత్రలను నియమించారు. సిఫారసు లేఖ స్థానంలో కార్డు వచ్చింది. ఈ మార్పు సామాజికంగా చాలా విలువైనది.

4. మిగిలిన ఖర్చు:
విక్టోరియా ఫ్యాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ప్రచురించిన అధ్యయనం పథకం అమలైన తొలి తొమ్మిది నెలల ఫలితాలను విశ్లేషించింది. ఆసుపత్రిలో చేరినవారి సొంత ఖర్చు గణనీయంగా తగ్గిందనీ, బయటిరోగి ఖర్చు కొంత మేరకే తగ్గిందనీ అది తేల్చింది. కుటుంబాన్ని కుంగదీసే స్థాయి ఖర్చులపైనా, వైద్యం వల్ల పేదరికంలోకి జారడంపైనా స్పష్టమైన ప్రభావం కనిపించలేదు. షెడ్యూల్డు కులాల, తెగల కుటుంబాలకు తక్కినవారితో సమానంగా ప్రయోజనం అందలేదు.

ఈ ఫలితాలకు పథక స్వరూపంలోనే కొంత వివరణ దొరుకుతుంది. జాబితాలో ఉన్నవి ఎక్కువగా శస్త్రచికిత్సలు, పెద్ద చికిత్సలు. మధుమేహానికీ, రక్తపోటుకూ రోజూ వాడే మందులు, సాధారణ జ్వరాల వైద్యం దాని పరిధిలోకి రావు. ఊరిలోని ఆర్‌ఎంపీ దగ్గర మొదలై పట్టణంలోని పరీక్షా కేంద్రం దాకా సాగే ఖర్చు, రోగి ఆరోగ్యశ్రీ ఆసుపత్రికి చేరేలోపే జరిగిపోతుంది. పెద్ద ఆసుపత్రులు నగరాలలో కేంద్రీకృతమై ఉన్నందున ఏజెన్సీ గూడేలవారికి దూరమే మరొక ఖర్చు. 2011లో 133 చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే కేటాయించడం పథక నిధులు వాటికి చేరేందుకు తోడ్పడింది గాని, పై ఖర్చులను తాకలేదు.

5. కార్డు గీతకు అవతల:
తెల్ల కార్డు లేని చిన్న వేతన జీవులది వేరొక సమస్య. పేదల జాబితాలో వారు లేరు. ప్రైవేటు బీమా కొనే స్తోమత వారికి లేదు. రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో పథకాన్ని కొనసాగిస్తూ, 2017లో ఇటువంటివారికి ఆరోగ్య రక్ష ప్రవేశపెట్టింది. మనిషికి ఏడాదికి రూ. 1,200 ప్రీమియం, రూ. 2 లక్షల రక్షణ. నలుగురున్న ఇంటికి ప్రీమియమే రూ. 4,800 అవుతుంది. 2019లో ఏడాదికి రూ. 5 లక్షల లోపు ఆదాయం గల కుటుంబాలన్నింటికీ ఆరోగ్యశ్రీని విస్తరించడంతో ఆ గీత చాలా వరకు చెరిగిపోయింది. 2020 జనవరిలో పశ్చిమ గోదావరి జిల్లాలో, రూ. 1,000 దాటిన చికిత్సను పథకం కిందికి తెచ్చే ప్రయోగం మొదలైంది. చిన్న బిల్లు కూడా పేద ఇంటికి చిన్నది కాదన్న గుర్తింపు ఇందులో ఉంది.

6. ఇంటికి చేరిన తరువాత:
2019 డిసెంబరు 2న గుంటూరులో ప్రారంభమైన ఆరోగ్య ఆసరా ఈ చరిత్రలో ఒక మలుపు. శస్త్రచికిత్స అనంతరం విశ్రాంతి తీసుకోవలసిన రోగికి రోజుకు రూ. 225, నెలకు గరిష్ఠంగా రూ. 5,000 ఇచ్చే పథకమిది. పోయిన కూలిని కూడా వైద్య వ్యయంలో భాగంగా ప్రభుత్వం లెక్కించింది. డయాలిసిస్ రోగుల పింఛను కూడా ఇటువంటిదే. రక్తశుద్ధి ఉచితమే అయినా వారానికి రెండు మూడు సార్లు ప్రయాణం తప్పదు. ఆ రోజులలో పని ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛను 2019లో నెలకు రూ. 10,000 అయింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో రూ. 2,016 ఆసరా పింఛనును డయాలిసిస్ రోగులకు వర్తింపజేసింది.

7. ముగింపు:
2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి రూ. 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో రూ. 25 లక్షలకు పెరిగింది. క్యాన్సర్ వంటి జబ్బులకు ఈ పెంపు ప్రాణాధారమే. అయితే పరిమితి పెరిగితే తీరేది ఆసుపత్రి బిల్లు మాత్రమే. నెలనెలా కొనే మందులు, పరీక్షలు, ప్రయాణం, పోయిన కూలి ఆ పరిమితితో నిమిత్తం లేకుండా సాగుతాయి. తిరుగు ఛార్జీలు, పది రోజుల మందులు, ఆరోగ్య ఆసరా, డయాలిసిస్ పింఛను మొత్తంతో పోలిస్తే చిన్నవి. కాని రోగి ఇంటి లెక్కను ప్రభుత్వ లెక్కలోకి తెచ్చినవి అవే. పథకం విజయాన్ని చెల్లించిన కోట్లతో మాత్రమే కాక, చికిత్స ముగిసేనాటికి రోగి కుటుంబానికి మిగిలిన అప్పుతో కూడా కొలవవలసి ఉంటుందని ఈ పరిశీలన సూచిస్తుంది.