నేటాల్ తెలుగు బాప్టిస్టు మిషన్: ఆరాధన, సహవాసం, వీడ్కోళ్లు

నేటాల్ తెలుగు బాప్టిస్టు మిషన్ అనేది నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల తెలుగు బాప్టిస్టు సంఘాలు 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, అక్కడి తోటల్లో ఒప్పంద కూలీలుగా పనిచేస్తున్న తమవారి కోసం, తమ సొంత కానుకలతో పంపిన క్రైస్తవ సేవాయాత్రకు పేరు. విదేశీ మిషనరీల రాకతో ఏర్పడిన ఒక సంఘం రెండు తరాలు తిరగకముందే తానే సముద్రం దాటించి ఒక కాపరిని పంపడం తెలుగు క్రైస్తవ చరిత్రలో అరుదైన ఘటన.

ఈ కథకు భౌగోళిక నేపథ్యం పులికాట్ సరస్సు చుట్టూ ఉన్న తీరం. సరస్సులో అధిక భాగం నేటి తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట, తడ ప్రాంతాలకు చెందగా, దాని దక్షిణపు కొనలో తమిళనాడు వైపున్న పులికాట్ పట్టణంలో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను కట్టారు. అద్దకపు బట్టలతోపాటు మనుషులను కూడా బానిసలుగా ఓడలకెక్కించి బటేవియాకు తరలించిన రేవు ఇది. కనుక ఈ తీరంలో వీడ్కోలు అనే మాటకు బాప్టిస్టుల రాకకు రెండు శతాబ్దాల ముందే ఒక చేదు అర్థం ఉంది. నెల్లూరు నుంచి మద్రాసుకు చాలాకాలం సరస్సు మీదుగా, తర్వాత సరస్సులోంచి సాగే బకింగ్‌హాం కాలువ మీదుగా పడవలు నడిచాయి. 1899లో నెల్లూరు మీదుగా మద్రాసు, బెజవాడలను కలిపే రైలు మార్గం పూర్తయ్యాక సూళ్లూరుపేట, తడ స్టేషన్లే దక్షిణానికి వెళ్లేవారి దారి అయ్యాయి.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కు ఆద్యుడు శామ్యూల్ డే 1835లో బోస్టన్‌లో ఓడెక్కి, 1836లో తెలుగు దేశం చేరి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసులలో కొంతకాలం ఉండి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆరోగ్యం చెడి 1845లో స్వదేశం వెళ్లిన ఆయన, 1848లో తిరిగి బయలుదేరినప్పుడు భార్యను, పిల్లలను అమెరికాలోనే విడిచి, కొత్తగా నియమితులైన లైమన్ జూయెట్ దంపతులతో కలిసి వచ్చాడు. మిషన్ చరిత్రలు ఈ ఎడబాటును ఒకటి రెండు వాక్యాలలో దాటేస్తాయి గాని, నెల్లూరు సంఘం నిలిచింది ఆ త్యాగం మీదే. ఇండియాలో పుట్టిన మిషనరీ పిల్లలను చదువు కోసం అమెరికా పంపి, ఏళ్ల తరబడి వారికి దూరంగా ఉండడం ఆ కాలపు తల్లిదండ్రులకు తప్పని బాధగా ఉండేది. 1901లో కొడైకెనాల్‌లో మిషనరీ పిల్లల పాఠశాల మొదలైన తర్వాత ఈ బాధ కొంత తగ్గింది.

ఫలితం కనబడని తొలి దశాబ్దాలలో ఈ మిషన్‌ను మూసివేయాలన్న చర్చ అమెరికాలో పదేపదే జరగగా, 1853లో ఒక సభలో దీనికి ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ మీద ప్రార్థించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ పేరులోని ఒంటరితనం అంతటితో తీరింది. ఆ ఏళ్ల కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి పని కల్పించాడు.

తెలుగువారి వలస ఇదే కాలంలో సాగింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ చేరడంతో మొదలైన నేటాల్ ఒప్పంద కూలి వ్యవస్థ 1911లో ఆగేనాటికి మొత్తం 1,52,184 మందిని అక్కడికి చేర్చింది. వారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావారు చాలామంది ఉన్నారు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలోని పలు తాలూకాలు అంతకుముందు ఉత్తర ఆర్కాటులోనివే. ఒప్పందం ఐదేళ్లకు. తోట దాటి వెళ్లాలంటే యజమాని రాసిచ్చిన చీటీ ఉండాలి. ఓడెక్కినవాడు తిరిగి వస్తాడో లేదో ఇంటివారికి తెలియదు. ఇలా వెళ్లినవారిలో బాప్టిస్టులూ ఉన్నారు. కాపరి లేని ఆ విశ్వాసులు తమకొక కాపరిని పంపమని స్వదేశపు సంఘాలను కోరారు.

ఆ కోరికను తెలుగు బాప్టిస్టు హోమ్ మిషన్ సొసైటీ, అంటే తెలుగు సంఘాలే నడుపుకునే సువార్త సంస్థ, తలకెత్తుకుంది. నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్య ఆ పిలుపునందుకుని 1903లో కుటుంబంతో కలిసి నేటాల్ చేరాడు. ఆసియా నుంచి ఆఫ్రికాకు వెళ్లిన తొలి బాప్టిస్టు మిషనరీగా ఆయన పేరు నిలిచింది. డే విడిచి వచ్చిన కుటుంబంతో రంగయ్య వెంట వెళ్లిన కుటుంబాన్ని పోల్చిచూస్తే, ఒకే సేవకు రెండు తరాలు చెల్లించిన వెల ఎంత వేరుగా ఉందో తెలుస్తుంది. రంగయ్య ఇంటివారు కలిసే ఉన్నారు గాని, ఊరు, బంధువర్గం, పుట్టి పెరిగిన సంఘం వెనకే ఉండిపోయాయి.

స్టాంగర్ సమీపంలోని కియర్స్నీ తేయాకు తోటలో 1903 డిసెంబరు 27న నేటాల్‌లోని తొలి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. బాప్టిస్టు సంప్రదాయంలో శిశువులకు బాప్తిస్మం లేదు. ఊహ తెలిసినవారు తమ విశ్వాసాన్ని ఒప్పుకున్నాకే నీట ముంచి బాప్తిస్మమిస్తారు. తర్వాత సంఘం ‘సహవాసపు కుడిచెయ్యి’ ఇచ్చి వారిని చేర్చుకుంటుంది. కొత్తవారు ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో, పాలుపొందుతారు. ‘సహవాసం’ అనే మాట తెలుగు క్రైస్తవులకు నలుగురు కలిసి కూర్చోవడాన్ని మించినది: కష్టంలో కానుక, జబ్బులో ప్రార్థన, చావులో మోసే భుజం అన్నీ అందులో ఉన్నాయి. బంధువులు లేని తోట బతుకులో ఇంటి చావుకూ పెళ్లికీ చుట్టమై నిలబడింది ఈ సహవాసమే. రోజంతా తోటలో పరాయి మాటల మధ్య గడిపే కూలీకి తన బైబిలూ తన కీర్తనా తెలుగులోనే వినబడే చోటు కావడం వల్ల, ఆరాధన భాషను కూడా కొన్నాళ్లు కాపాడింది.

సంఘాలు ఉత్తర తీరపు చెరకు తోటలకు వ్యాపించాయి. 1914లో నేటాల్ భారతీయ బాప్టిస్టు సంఘాల సమాఖ్య ఏర్పడగా, 1915లో రంగయ్య మరణించాడు. తరువాతి తరాలలో ఇంటి మాట ఇంగ్లీషుగా మారి, ఆరాధన కూడా ఆ భాషలోకి మళ్లింది. తెలుగును నిలబెట్టుకోవాలన్న తపనతో మతభేదం లేకుండా అక్కడివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు.

వలస వెళ్లిన ప్రతివారి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా ఓడల చిట్టాల్లో నమోదై ఉన్నాయి. వెనక ఉండిపోయినవారి మాటలు మాత్రం ఆ చిట్టాల్లో లేవు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు జిల్లాల పాత ఇళ్లలో నేటాల్ ముద్రతో వచ్చిన ఉత్తరమో, పంపిన ఫొటోనో ఉంటే, దానిని పారవేయక భద్రపరచి, దగ్గరలోని సంఘానికో గ్రంథాలయానికో చూపించడం అవసరం.