విశ్వ కిరణాలు: పేరుకు కిరణాలు, నిజానికి కణాలు

విశ్వ కిరణాలు వేటితో తయారయ్యాయని ప్రిలిమ్స్‌లో అడిగితే పేరు చూసి 'గామా కిరణాల్లాంటివే' అని టిక్ పెట్టకండి. ఈ పేరుకు ప్రచారం తెచ్చిన నోబెల్ గ్రహీత మిలికన్ కూడా అలాగే అనుకున్నారు. మరి నిజం ఎలా తేలింది?

1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎక్కి చూస్తే, పైకి వెళ్లేకొద్దీ వికిరణం పెరిగింది. అంటే అది నేల నుంచి కాదు, ఆకాశం నుంచి వస్తోంది. గామా కిరణాలకు ఆవేశం ఉండదు కాబట్టి భూ అయస్కాంత క్షేత్రం వాటిని వంచలేదు. కానీ 1927లో జావా నుంచి హాలండ్‌కు ఓడలో వెళ్తూ కొలిచిన జాకబ్ క్లే, భూమధ్యరేఖ దగ్గర తీవ్రత తగ్గిందని గమనించారు. 1932లో కాంప్టన్ బృందాలు అనేక దేశాల్లో కొలిచి దీన్ని ధ్రువీకరించాయి. కాబట్టి అవి ఆవేశిత కణాలే. మరుసటి ఏడాది పడమర నుంచి ఎక్కువ వస్తున్నాయని తేలడంతో, అవి ప్రధానంగా ధనావేశ కణాలని రుజువైంది. 1948లో బెలూన్లలో పంపిన ఫోటోగ్రాఫిక్ ప్లేట్లలో భారీ కేంద్రకాల జాడలూ దొరికాయి.

నేటి లెక్క ఇది: ప్రాథమిక కిరణాల కేంద్రకాల్లో దాదాపు 90% ప్రోటాన్లు, 9% హీలియం, 1% అంతకంటే బరువైనవి. వీటికి తోడు కొద్దిపాటి ఎలక్ట్రాన్లు.

అయితే నేలకు చేరేవి ఇవి కావు. ప్రాథమిక కణాలు గాలిలోని కేంద్రకాలను ఢీకొని పయాన్లను పుట్టిస్తాయి. వాటి నుంచి మ్యూయాన్లు, న్యూట్రినోలు, ఎలక్ట్రాన్లు వస్తాయి. ఇవి ద్వితీయ కిరణాలు.

భారత్ పాత్ర ఇక్కడే ఎక్కువ. ఎలక్ట్రాన్ల జల్లు ఎలా పెరుగుతుందో 1937లో హోమీ భాభా, హైట్లర్ వివరించారు. 1940ల తొలినాళ్లలో బిభా చౌధురి, డి.ఎం. బోస్ హిమాలయాల్లో ఫోటో ప్లేట్లు ఉంచి మీసాన్ల జాడలు పట్టారు. యుద్ధం వల్ల మేలైన ప్లేట్లు దొరక్క ఆ పని ముందుకు సాగలేదు. అదే పద్ధతిని మెరుగైన ప్లేట్లతో వాడిన పావెల్‌కు 1950లో నోబెల్ దక్కింది. 1965లో కోలార్ బంగారు గనుల్లో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణ న్యూట్రినోల జాడ దొరికింది. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రానికీ ఒక అనుకూలత ఉంది: భూమధ్యరేఖకు దగ్గర కావడంతో తక్కువ శక్తి కణాలను భూ అయస్కాంత క్షేత్రమే వడకడుతుంది.

మెయిన్స్‌లో 'ప్రాథమిక', 'ద్వితీయ' అని విడదీసి రాయండి. బిభా చౌధురి పేరు మరిచిపోకండి. సౌకర్యాలు లేకపోతే ప్రతిభ ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి, జీఎస్-3లో అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.