షిల్లాంగ్ కూలిన సాయంత్రం

1897 జూన్ 12, శనివారం. సాయంత్రం ఐదుంబావు. షిల్లాంగ్‌లోని రాతి కట్టడాలు నిమిషం తిరక్కుండానే నేలమట్టమయ్యాయి. ఎంతో దూరాన ఉన్న కలకత్తాలోనూ ఇళ్లు దెబ్బతిన్నాయి.

ఆ భూకంపాన్ని పరిశోధించే పని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ మీద పడింది. ఆయన కొండలన్నీ తిరిగారు. నేలలో కూరుకుపోయి ఉన్న బండరాళ్లు, గుంత అంచు చెదరకుండా పైకెగిరి అవతల పడి ఉండటం గమనించారు. అంటే నేల పక్కలకు ఊగడమే కాదు, రాళ్లను కింది నుంచి ఎగదన్నింది. ఛెడ్రాంగ్ వాగు వెంట భూమి చీలి, ఒక పక్క పది మీటర్ల దాకా లేచింది. తెగినచోట జలపాతాలు దూకాయి, అడ్డుపడినచోట మడుగులు కట్టాయి. పాఠ్యపుస్తకాల్లో ‘భ్రంశం’ అని బట్టీ పట్టే పిల్లలకు ఈ వాగు కథ చెబితే చాలు.

ఆ కుదుపు ఇటలీలోని పరికరాల్లోనూ నమోదైంది. అలాంటి సుదూర నమోదులను పరిశీలించి, 1900లో ఓల్డ్‌హామ్ భూకంప తరంగాలను విడదీసి చూపారు. ముందుగా వచ్చేవి ప్రాథమిక తరంగాలు. నెట్టుతూ, లాగుతూ సాగుతాయి. వెనకాలే ద్వితీయ తరంగాలు; అడ్డంగా ఊపుతాయి. చివరగా నేల పైపొరను పట్టుకుని వచ్చేవి ఉపరితల తరంగాలు. మొదటి రెంటి రాకకు మధ్య వ్యవధిని బట్టే భూకంపం ఎంత దూరాన పుట్టిందో ఇవాళ్టికీ లెక్కగడుతున్నారు.

ఎక్కడ ఎంత నష్టం జరిగిందో చూసి, సమానంగా దెబ్బతిన్న ఊళ్లను కలుపుతూ ఆయన పటం మీద గీతలు గీశారు. ఆ గీతలు చెప్పేది తీవ్రత. ఊరు మారితే తీవ్రత మారుతుంది. 1935లో రిక్టర్ ప్రవేశపెట్టిన మాగ్నిట్యూడ్ వేరు. అది భూకంపం మొత్తానికీ ఒకటే అంకె. 2024 డిసెంబరు 4న ములుగు కంపించినప్పుడు విన్న 5.3 అలాంటిదే. మన వార్తల్లో రెంటినీ ‘తీవ్రత’ అనేస్తున్నారు. ఈ అలవాటు మానాలి. అంకె చిన్నదని జనం ధీమా పడితే ప్రాణాల మీదికి వస్తుంది.

1897 నాటి మాగ్నిట్యూడ్ సుమారు 8.1, మృతులు పదిహేను వందల పైచిలుకు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చింది 6.2 మాత్రమే. శక్తి లెక్కన 1897 నాటిదానికన్నా ఏడు వందల రెట్లు తక్కువ. అయినా దాదాపు పదివేల మంది పోయారు. భూకంప నాభి తక్కువ లోతులో ఉంది. వేళ తెల్లవారుజాము నాలుగు, అందరూ నిద్రలో ఉన్నారు. పైన మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు.

షిల్లాంగ్‌లో అలాంటి బరువును వదిలేశారు. 1897 తర్వాత కట్టిన ఇళ్లకు కర్ర చట్రం, రెల్లు తడికల మీద పూసిన గోడలు, పైన రేకు. ‘అస్సాం ఇల్లు’ అని ఇంజనీర్లు ఇప్పటికీ పాఠంగా చెప్పేది దాన్నే.